వెలిగొండలకు ఇవతల కలివికోడి ఉందా? ఉదయగిరి వైపు ఒక తాత చెబుతున్న కూత గురించి

పెన్నాగట్టు (ఉదయగిరి)
అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. ఉదయగిరి మండలంలో బడిపంతులుని. పక్షుల మీద ఆసక్తే గానీ పెద్దగా తెలియదు.

2025 ఆగస్టులో కలివికోడి (ఇంగ్లీషులో జెర్డన్ కోర్సర్ అనే అరుదైన రాత్రి పక్షి) కూత మన రాష్ట్రంలోనే మళ్ళీ రికార్డయిందని వార్త వచ్చింది కదా. ఆ ముక్క క్లాసులో చదివి బొమ్మ చూపించాను. వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లాడు లేచి "సార్, మా తాతకు ఈ పిట్ట తెలుసు" అన్నాడు. వాళ్ళది మేకల మంద. తాత ఏడాదిలో చాలా రాత్రులు కొండ మొదట్లో దొడ్డి దగ్గరే పడుకుంటాడు. ఆదివారం పోయి కలిశాను.

ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నా: "పొద్దుగూకి బువ్వ తినే యాళకు అరుస్తాది. రెండు ముక్కలుగా. కాసేపే. ఆమీట గమ్మునైపోతాది, తెల్లార్లూ మళ్ళీ ఇనపడదు. ఎగిరేది తక్కువ, కంపల్లో ఉరుకుతాది. బ్యాటరీ లైటు ఏస్తే బొమ్మ మాదిరి నిలబడిపోతాది."

నాకు ఒళ్ళు జలదరించింది. కానీ తెలిసినవాళ్ళను అడగకుండా ఎగరకూడదు కదా. మీరేమంటారు? వెలిగొండలకు ఇవతల, నెల్లూరు వైపున ఇది ఉండే అవకాశం ఉందా?

కౌజుపిట్ట (నెల్లూరు)
మాస్టారూ, మంచి విషయం తెచ్చారు. ముందు నాలుగు ప్రశ్నలు అడగనివ్వండి. తాత చూశాడా, విన్నాడా? చూస్తే ఎప్పుడు, ఈ మధ్యనా చిన్నప్పుడా? రొమ్ము మీద ఏమైనా పట్టీలు కనపడ్డాయన్నాడా? మీరు బొమ్మ చూపించి "ఇదేనా?" అని అడిగారా, లేక ఏమీ చూపించకుండా ఆయన్నే చెప్పమన్నారా? ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. పంతులుగారు బొమ్మ చూపించి ఇదేనా అంటే పల్లెలో ఎవరైనా అవునంటారు, మర్యాద కోసమైనా.

కూత వర్ణన మాత్రం ఆసక్తిగా ఉంది. కలివికోడి సూర్యాస్తమయం తర్వాత ముప్పావుగంట, గంట మధ్యలో మొదలుపెట్టి కొన్ని నిమిషాలే కూస్తుంది. రెండక్షరాల కూత, ట్విక్-టూ, ట్విక్-టూ అని, దాదాపు సెకనుకొకటి. "బువ్వ తినే యాళ" అంటే లెక్క సరిగ్గానే ఉంది.

నిమ్మతోట (పొదలకూరు)
ఉదయగిరి కంపల్లో కలివికోడి, రాపూరు అడవిలో డైనోసార్. నెల్లూరోళ్ళం ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడుతూనే ఉంటాం అబ్బా 😀

పాత_స్టాంపు (కావలి)
నిమ్మతోట గారూ నవ్వండి కానీ, అసలు ఈ పిట్టను లోకానికి చెప్పింది నెల్లూరు నుంచే.

1841లో థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చాడు. వైద్యం కన్నా పక్షులు, పాములు, చీమల మీదే ఆయన మనసు ఎక్కువ ఉండేదేమో అనిపిస్తుంది నాకు. ఆయన పంపిన నమూనా చూసి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొత్త జాతిగా వర్ణించాడు. తర్వాత జెర్డన్ తన భారతదేశ పక్షుల గ్రంథంలో దీన్ని ఎక్కడ చూశాడో కూడా రాశాడు: నెల్లూరుకు పడమటనున్న కనుమల పైన, కడపలో, పలచని అడవి ఉన్న రాతినేలల్లో, చిన్న చిన్న గుంపులుగా. నెల్లూరు నుంచి పడమటికి పోతే తగిలేది ఏ కొండలో మీరే చెప్పండి.

ఆ తర్వాత గోదావరి పక్క సిరొంచ, భద్రాచలం దగ్గర ఒకరిద్దరు చూశారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. అంతే, 86 ఏళ్ళు చప్పుడు లేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లిలో మళ్ళీ బయటపడింది. 1988లో దీని మీద రూపాయి స్టాంపు వచ్చింది. నా దగ్గర ఉంది, ఎవరికీ ఇవ్వను 😄

కౌజుపిట్ట (నెల్లూరు)
1986 సంగతి ఇంకొంచెం చెప్పాలి, మాస్టారి ప్రశ్నకు సంబంధం ఉంది కాబట్టి.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతికారు. అంతకుముందు పెద్ద పెద్ద పక్షిశాస్త్రజ్ఞులు వచ్చి తిరిగి ఖాళీ చేతులతో పోయారు. వాళ్ళు ఎక్కువగా పగలు తిరిగారు, ఇదేమో రాత్రి పక్షి. భూషణ్ గారు బొమ్మలు పట్టుకుని ఊరూరా వేటగాళ్ళను, కాపరులను అడిగారు. చివరికి ఒక స్థానిక వేటగాడు రాత్రి వేటకు పోయి లైటు వెలుగులో నిలబడిపోయిన పక్షిని చేత్తో పట్టుకొచ్చాడు. అప్పటికి 89 ఏళ్ళున్న పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ గారు కబురు తెలిసి హుటాహుటిన బయల్దేరారు. పట్టుకున్న పక్షి మాత్రం బతకలేదు.

"లైటేస్తే బొమ్మలా నిలబడిపోతుంది" అని మీ తాత అన్న మాట ఈ కథతో కలుస్తుంది. అయితే రాత్రిపూట నేల మీద తిరిగే పక్షులు చాలావరకు లైటుకు అలాగే చేస్తాయి. నైట్‌జార్ అనే రాత్రి పిట్ట రోడ్డు మీద కూర్చుని టైరు కింద పడేదాకా కదలదు. అందుకే ఇంకా అనుమానంతోనే ఉన్నాను, ఏమీ అనుకోవద్దు.

రాత్రిబస్సు (బద్వేలు–నెల్లూరు రూటు)
నేను డ్రైవర్ని. ఆత్మకూరు దాటాక రాత్రి ట్రిప్పుల్లో రోడ్డు మీద ఎర్రగా కళ్ళు మెరిసే పిట్టలు బోలెడు చూస్తాను. దగ్గరికి పోయిందాకా ఉండి టైము చూసుకుని లేస్తాయి. అదేనా ఇది?

కౌజుపిట్ట (నెల్లూరు)
కాదండీ, అవి నైట్‌జార్లు. పొట్టి కాళ్ళు, నేలకు అతుక్కుని కూర్చుంటాయి. కలివికోడి నిలబడి ఉంటుంది, కాళ్ళు పొడుగు, లేత పసుపు రంగు. ఒడ్డూ పొడుగూ కౌజు అంత, 27 సెంటీమీటర్లు. నెత్తి ముదురు రంగు, కంటి మీద వెడల్పాటి తెల్ల చార, గొంతు కింద తుప్పు రంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. ముక్కు మొదట్లో పసుపు, చివర నలుపు.

పొరపడే వాటిలో మొదటిది థిక్‌నీ. మన మెట్ట పొలాల్లో, తోటల్లో బాగా ఉంటుంది. రాత్రిళ్ళు గట్టిగా అరుస్తుంది. కానీ అది కోడిపెట్ట సైజు, కళ్ళు గుడ్లగూబకున్నంత పెద్దవి, ఒళ్ళంతా చారలు. రెండోది తీతువు, దాన్ని అందరూ ఎరుగుదురు, అర్ధరాత్రి అరిస్తే మా అమ్మమ్మ ఉప్పు పొయ్యిలో వేసేది. మూడోది ఇండియన్ కోర్సర్. ఇది పగటి పక్షి, దున్నిన చేలల్లో పరిగెత్తుతుంది. పేపర్లలో కలివికోడి వార్తకు దీని ఫొటో వేయడం మామూలైపోయింది. మాస్టారూ, మీరు క్లాసులో చూపించిన బొమ్మ ఏది? ఒకసారి చూడండి.

పెన్నాగట్టు (ఉదయగిరి)
అది కలివికోడి బొమ్మే, రెండు పట్టీలున్నాయి. మీ మిగతా ప్రశ్నలకు మళ్ళీ తాత దగ్గరికి పోయి వచ్చి చెబుతాను. ఈసారి ఏం అడగాలో, ఎలా అడగాలో చెప్పండి.

కౌజుపిట్ట (నెల్లూరు)
నాలుగైదు పక్షుల ఫొటోలు ఒకే సైజులో ప్రింటు తీయించండి, పేర్లు లేకుండా. థిక్‌నీ, తీతువు, కోర్సర్లు రెండూ, నైట్‌జార్. పేకముక్కల్లా కలిపి ఆయన ముందు పరిచి "వీటిల్లో మీకు తెలిసినవి చెప్పండి" అనండి. కలివికోడి ఊసే ఎత్తొద్దు. ఒక్కోదాని గురించి ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు అరుస్తుంది అని అడగండి. మన ప్రాంతంలో ఉండనే ఉండని పక్షి ఫొటో కూడా ఒకటి పెట్టండి. దాన్ని కూడా "రోజూ చూస్తా" అంటే మనకు జవాబు దొరికినట్టే.

నిమ్మతోట (పొదలకూరు)
సరదా పక్కన పెట్టి ఒక మాట. ఈ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువ పని ఆపేశారని కడప వైపు మా బంధువులు అంటారు. మాకు కండలేరు నీళ్ళే దిక్కు. మనుషులకు నీళ్ళు ముఖ్యమా, ఎవరికీ కనపడని పిట్ట ముఖ్యమా? రేపు మాస్టారు "ఇక్కడ ఉంది" అంటే మా వైపు కూడా మేకలు తోలొద్దు, పుల్ల విరవొద్దు అంటారు. ఆ భయంతోనే చాలామంది చూసినా చెప్పరు.

రిటైర్డ్_ఇంజనీర్ (నెల్లూరు)
కాలువల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇది నేను చెప్పాలి.

తెలుగుగంగ పని 1983లో మొదలైంది. శ్రీశైలం నీళ్ళు వెలుగోడు, బ్రహ్మసాగరం మీదుగా సోమశిలకు, అక్కణ్ణుంచి కండలేరుకు, చివరికి మద్రాసుకు. ఇందులో ఏ ఒక్కటీ పక్షి కోసం ఆగలేదు. గొడవ జరిగింది కడప జిల్లాలో కలివికోడి తిరిగే పొదల్లోంచి పోయే కాలువ ముక్క దగ్గర. 2005లో అక్కడ అనుమతి లేకుండా యంత్రాలతో తవ్వడం మొదలైంది. అటవీశాఖ అడ్డుపడింది, వ్యవహారం పైదాకా పోయింది, ఆఖరుకు కాలువ దారి మార్చారు. దారి మార్చడం మాకు కొత్త కాదు. బండరాయి అడ్డొస్తే మారుస్తాం, గుడి అడ్డొస్తే మారుస్తాం, పలుకుబడి ఉన్నవాడి తోట అడ్డొస్తే ఇంకా త్వరగా మారుస్తాం. పిట్ట కోసం మార్చినప్పుడే అందరికీ గుర్తుండిపోయింది.

మీ రెండో మాట మాత్రం నిజం. చెబితే ఆంక్షలొస్తాయన్న భయం జనంలో ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

కౌజుపిట్ట (నెల్లూరు)
మేకల గురించి ఒకటి. కడప జిల్లాలో లంకమల దగ్గర పరిశోధన చేసినవాళ్ళు తేల్చిందేమిటంటే, ఈ పక్షికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి మధ్యలో ఖాళీ నేల ఉండాలి, పరిగెత్తడానికి, పురుగులు ఏరుకోవడానికి. మేకలు, గొర్రెలు ఓ మోస్తరుగా తిరిగితేనే ఆ ఖాళీలు మిగులుతాయి. మరీ ఎక్కువైతే పొదలే పోతాయి. అసలు ముప్పు పొదలను వేళ్ళతో సహా పెకలించి తోటలు వేయడం, కట్టెలకు నరకడం. కాబట్టి తాత మందను తరిమేస్తే ఆ పక్షికి మేలు జరుగుతుందని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

బ్యారనుకాడ (పొదిలి)
కట్టెల మాట వచ్చింది కాబట్టి ప్రకాశం వాడిగా నేనూ చెబుతా. మా వైపు పొగాకు బ్యారన్లకు (ఆకు కాల్చే గదులకు) ఎన్ని ట్రాక్టర్ల కట్టె పోతుందో చూసినవాళ్ళకు తెలుసు. మా నాన్న చిన్నతనంలో ఊరి చుట్టూ రేగు, తుమ్మ, వాక, కలివి పొదలే. ఇప్పుడు సుబాబుల్, జామాయిల్, మిగిలిన చోట సర్కారు తుమ్మ. కౌజులు కూడా తగ్గినాయి. మార్కాపురం, కనిగిరి పక్క కొండల మొదళ్ళలో ఇంకా కొంచెం పాత కంప మిగిలి ఉంది. సీఎస్‌పురం నుంచి భైరవకోన పోయే దారిలో చూస్తే తెలుస్తుంది. ఉంటే గింటే అలాంటి చోటే ఉండాలి.

వేదిక_నిర్వాహకుడు
ఇక్కడ ఆపి ఒక మాట. ఉదయగిరి, సీఎస్‌పురం వరకు సరే. అంతకుమించి ఊరి పేర్లు, కొండ పేర్లు, మ్యాప్ పిన్నులు పెట్టొద్దు. పెడితే తీసేస్తాను. నిరుడు గుడ్లగూబ గూడు ఫొటో పెట్టాక ఏం జరిగిందో పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. వారం తిరక్కుండా కెమెరాలు, స్పీకర్లు పట్టుకుని జనం దిగారు, తల్లి గూడు వదిలేసి పోయింది.

కలివికోడి కూత రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దయచేసి రాత్రిపూట పోయి స్పీకర్లో వేసి "జవాబు వస్తుందా" అని చూడొద్దు. అది పరిశోధకులు పద్ధతిగా, అనుమతితో చేసే పని.

డాక్టరమ్మ (ఒంగోలు)
ఈ చర్చ చదువుతుంటే పాపువా న్యూగినీ సంగతి గుర్తొచ్చింది. అక్కడ ఫెర్గసన్ దీవిలో నల్లమెడ ఫెజెంట్-పావురం అని ఒక పెద్ద నేలపక్షి ఉంది. 1882లో నమూనాలు సేకరించారు, ఆ తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 2022 సెప్టెంబరులో కెమెరా ట్రాప్‌లో తోక ఆడిస్తూ నడుచుకుంటూ పోయింది. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పింది స్థానిక వేటగాళ్ళే. వాళ్ళలో కొందరు దాన్ని ముందే చూశారు, విన్నారు.

మన దేశంలో అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబది ఇంకో రకం కథ. 1884 తర్వాత 113 ఏళ్ళు కనపడలేదు. మధ్యలో మైనర్ట్‌జహాగన్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి 1914లో గుజరాత్‌లో పట్టానని ఒక నమూనా చూపించాడు. అది మ్యూజియం నుంచి కాజేసి, చీటీ మార్చి, తనదని చెప్పుకున్నదని తర్వాత పమేలా రాస్ముసెన్ అనే పక్షిశాస్త్రజ్ఞురాలు బయటపెట్టారు. ఆ దొంగ చీటీని పక్కన పెట్టి మిగతా పాత రికార్డులను నమ్ముకుని వెతికితే 1997లో మహారాష్ట్రలో షహాదా దగ్గర పగటిపూటే చెట్టు మీద కూర్చుని కనిపించింది. అన్నేళ్ళూ వెతికినవాళ్ళలో కొందరిని ఆ అబద్ధం తప్పు చోటుకు తిప్పింది.

అందుకే కౌజుపిట్ట గారి చాదస్తం నాకు నచ్చింది. తొందరపడి "ఉదయగిరిలో కలివికోడి" అని రాసేస్తే రేపు ఎవరో దాన్ని పట్టుకుని తిరుగుతారు.

నిమ్మతోట (పొదలకూరు)
మ్యూజియంలో పిట్టను దొంగిలించి మరీ... సైన్సులో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారన్నమాట. మా నిమ్మకాయల మార్కెట్టే నయం.

పెన్నాగట్టు (ఉదయగిరి)
పోయి వచ్చాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఫొటోలు ఏడు తీసుకుపోయాను. ఉండనే ఉండనిదిగా హిమాలయాల పక్షి ఒకటి పెట్టాను. నులకమంచం మీద పరిచాను. తాత కళ్ళకు ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. ముందుగా తీతువును తీసి పక్కన పడేశాడు, "ఇది తెలియనోడెవడు" అని. నైట్‌జార్‌ను చూసి "దారిలో పొణుకునేది" అన్నాడు. థిక్‌నీని చూసి "గుడ్ల పిట్ట, ఇది చేలల్లో ఉంటాది, కొండ కింద ఉండదు, దీని అరుపు వేరే" అన్నాడు. హిమాలయాల దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేందో మనది కాదు" అని వెనక్కి ఇచ్చాడు. ఇండియన్ కోర్సర్‌ను "ఎండలో ఉరికేది" అన్నాడు.

కలివికోడి ఫొటో చేతిలోకి తీసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత బొటనవేలు గొంతు మచ్చ మీద పెట్టి "ఇక్కడ తుప్పు మాదిరి ఉంటాది, అది లైటులో బాగా కనపడతాది" అన్నాడు. పట్టీల గురించి తనంతట తాను చెప్పలేదు. అడిగితే "ఉంటాయేమో, నేను మెడే చూసినా" అన్నాడు. నిజాయతీగా చెబుతున్నట్టే అనిపించింది.

అయితే ఎప్పుడు చూశాడన్నది అసలు చిక్కు. చూసింది సోమశిల డ్యాము కట్టే రోజుల్లో అట. తర్వాత కళ్ళారా చూడలేదు. కూత మాత్రం "మొన్న వానలకు ముందు కూడా" విన్నానంటాడు. థిక్‌నీ కూత, తీతువు కూత ఫోన్లో వినిపించాను, రెండూ కాదన్నాడు. కలివికోడి కూత వినిపించమని కోడలు పక్కనుంచి ఒకటే పోరు. వినిపించలేదు. ముందు ఆయన్నే అనుకరించి చూపించమన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు ముక్కల కూత కూశాడు, రెండో ముక్క కొంచెం సాగదీసి. దాన్ని రికార్డు చేశాను. కౌజుపిట్ట గారికి పంపాను.

కౌజుపిట్ట (నెల్లూరు)
విన్నాను. మనిషి నోటి కూతను బట్టి ఏ తీర్పూ ఇవ్వలేను, ఇవ్వకూడదు. కానీ థిక్‌నీ కాదు, తీతువు కాదు. రెండు కూతల మధ్య ఆయన ఇచ్చిన విరామం నాకు తెలిసిన రికార్డింగులకు దగ్గరగా ఉంది. ఇంకో అనుమానం జెర్డన్ నైట్‌జార్, ఆ డాక్టరు పేరే దానికీ ఉంది. దాని కూత విడిగా వినిపించి చూడండి.

ఆయన గొంతు మచ్చ చూపించాడన్నది మాత్రం నన్ను రాత్రి నిద్ర పోనివ్వలేదు. పుస్తకం చదివినవాడైతే పట్టీలు అంటాడు.

వెంకటాచలం_కుర్రోడు
నేను యానాది కుటుంబం నుంచి, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నా. పాత_స్టాంపు గారు జెర్డన్ గురించి రాశారు, బాగుంది. ఆయనకు పక్షుల తెలుగు పేర్లు, అలవాట్లు చెప్పినవాళ్ళలో నెల్లూరు యానాదులు ఉన్నారని మాత్రం రాయలేదు. ఆయన వాళ్ళతో తిరిగి నేర్చుకున్నాడు. పక్షికి డాక్టరు పేరు, చెప్పినవాళ్ళకు పేరే లేదు. 1986లో కూడా పట్టింది వేటగాడే.

ఇప్పుడు మాస్టారి విషయంలో నా విన్నపం ఒక్కటే. రేపు ఇది నిజమని తేలితే రిపోర్టులో తాత పేరు, ఆయనకు ఇష్టమైతే, మొదట ఉండాలి. "స్థానికుల సహకారంతో" అని ఒక ముక్కతో సరిపెట్టొద్దు.

పాత_స్టాంపు (కావలి)
తమ్ముడూ, నువ్వన్నది అక్షరాలా నిజం.

పెన్నాగట్టు (ఉదయగిరి)
ఇష్టమైతేనే అన్నది ముఖ్యం. తాత మొదటి ప్రశ్న "ఫారెస్టోళ్ళకు చెబుతావా?" అనే. వేట కేసు అవుతుందని భయం. పాతకాలం సంగతులు ఎవరూ తవ్వరని నచ్చజెప్పాను, కానీ నాకే పూర్తి ధైర్యం లేదు.

ఇంకో టెన్షన్. రాత్రిపూట అక్కడికి పోయి రికార్డు చేద్దామంటే అది ఎర్రచందనం అడవి అంచు. చీకట్లో లైటు, బ్యాగు పట్టుకుని తిరిగితే ఎవరేమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

రిటైర్డ్_ఇంజనీర్ (నెల్లూరు)
ఒంటరిగా పోవద్దు మాస్టారూ. దరఖాస్తు రాసి డివిజన్ అటవీ అధికారి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. పక్షి పేరు రాయండి, తాత పేరు రాయొద్దు. కావాలంటే నేనూ వస్తాను, ఆఫీసుల్లో కూర్చోవడం నాకు అలవాటే.

కౌజుపిట్ట (నెల్లూరు)
అనుమతి వచ్చేలోపు చేయగలిగినవి ఉన్నాయి. తాత దొడ్డి పట్టా భూమిలో ఉంటే ఒకటి చేయొచ్చు. ఫోన్‌ను కవర్లో పెట్టి దొడ్డి కప్పు మీద ఉంచి, పొద్దుగూకినప్పటి నుంచి రెండు గంటలు రికార్డింగ్ ఆన్ చేసి వదిలేయమనండి. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

రెండోది అడుగుల పట్టీ. లంకమలలో పరిశోధకులు వాడిన ఉపాయమిది. పొదల మధ్య బాట మీద కొన్ని గజాల మేర రాళ్ళు ఏరేసి, జల్లించిన మెత్తటి మట్టి పరిచి చదును చేసి, తెల్లారి వచ్చి చూడాలి. కలివికోడికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలు ఉండదు. కౌజు, పూరేడు అయితే వెనక వేలు గుర్తు పడుతుంది. థిక్‌నీకి కూడా మూడే వేళ్ళు గానీ అడుగు బాగా పెద్దది. ప్రతి అడుగు పక్కనా స్కేలు పెట్టి నిలువుగా పైనుంచి ఫొటో తీయాలి. స్కేలు లేని ఫొటో పంపితే నేను చూడను, ముందే చెబుతున్నా.

బ్యారనుకాడ (పొదిలి)
మా వైపు కాపర్లను కూడా అడిగితే? కనిగిరి, పామూరు సంతల్లో గొర్రెల వాళ్ళందరూ కలుస్తారు. 86లో చేసినట్టు బొమ్మతో పోస్టరు వేసి, పట్టిచ్చినవాళ్ళకు బహుమతి అంటే ఒక్క వారంలో తేలిపోతుంది.

డాక్టరమ్మ (ఒంగోలు)
పట్టిచ్చినవాళ్ళకు అని పెడితే వారంలో తేలేది పక్షుల శవాలే. లోకంలో మిగిలినవి 250 లోపే ఉంటాయని అంచనా. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు పక్షి, పట్టినవాడు జైలుకు పోతాడు. డబ్బు మాట వద్దే వద్దు.

వెంకటాచలం_కుర్రోడు
డబ్బు అసలే వద్దనడం కూడా న్యాయం కాదక్కా. కాపరి రాత్రి నిద్ర మానుకుని ఫోన్ చూసుకోవాలి, మట్టి జల్లించాలి. అది కూలి పనే. పక్షికి బహుమతి వద్దు, పనికి కూలి ఇద్దాం. దొరికినా దొరక్కపోయినా ఒకటే రేటు.

నిమ్మతోట (పొదలకూరు)
ఈ మాట నాకు నచ్చింది. దొరక్కపోయినా కూలి అంటే అబద్ధం చెప్పాల్సిన పనీ ఉండదు. పోస్టర్ల ప్రింటింగు ఖర్చు నాది. మా తోట పక్క కంపలో కూడా ఒక పోస్టరు కడతా, ఏమో ఎవరికి తెలుసు.

పాత_స్టాంపు (కావలి)
చిత్తు ప్రతి రాశాను, సరిచేయండి:

"ఈ పిట్టను ఎప్పుడైనా చూశారా? కౌజు అంత ఉంటుంది. కాళ్ళు పొడుగు. గొంతు కింద తుప్పు రంగు. రొమ్ము మీద రెండు పట్టీలు. పగలు పొదల్లో ఉంటుంది, రాత్రి తిరుగుతుంది. కలివికోడి అంటారు. కొన్నిచోట్ల అడవి ఉత్తితిట్టి అని కూడా అనేవాళ్ళు. చూసినా, కూత విన్నా మాకు చెప్పండి. పట్టుకోవద్దు. తరమొద్దు. గుడ్లు కనిపిస్తే తాకొద్దు. చెప్పినవారి పేరు మీరు ఒప్పుకుంటేనే బయటపెడతాం."

అడవి ఉత్తితిట్టి అన్న పేరు జెర్డన్ రాసుకున్నదే. ముసలివాళ్ళకు తగులుతుందేమోనని పెట్టాను. గుడ్ల ముక్క కావాలనే రాశాను. దీని గుడ్డు ఎలా ఉంటుందో 2013 దాకా ఎవరికీ తెలియదు. స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత సేకరణలో ఉన్న గుడ్డును డీఎన్‌ఏ పరీక్ష చేస్తే దీనిదని తేలింది.

కౌజుపిట్ట (నెల్లూరు)
"పగలు పొదల్లో" తీసేయండి, పగలు పొదలు కదిలించి వెతుకుతారు. "చూసినా" కన్నా ముందు "కూత విన్నా" రావాలి. ఫొటో ఒక్కటే కాదు, పక్కనే థిక్‌నీ ఫొటో కూడా అదే సైజులో వేసి "ఇది కాదు" అని రాయండి, లేకపోతే ఫోన్లు ఎత్తలేక చస్తాం. ఫోన్ నంబరు ఎవరిది పెడదాం?

రాత్రిబస్సు (బద్వేలు–నెల్లూరు రూటు)
నాది వద్దు, డ్యూటీలో ఎత్తలేను. పోస్టర్లు మాత్రం ఇవ్వండి, దారి పొడుగునా టీ బంకుల్లో అతికించుకుంటూ పోతా.

రిటైర్డ్_ఇంజనీర్ (నెల్లూరు)
నా నంబరు పెట్టండి. అర్ధరాత్రి చేసినా ఎత్తుతాను, ఎలాగూ నిద్ర పట్టదు. మాస్టారూ, సోమవారం పదింటికల్లా అటవీశాఖ ఆఫీసు దగ్గరుంటాను. దరఖాస్తు రెండు కాపీలు తెండి, ఒకటి ముద్ర వేయించుకుని మనం ఉంచుకోవడానికి.

పెన్నాగట్టు (ఉదయగిరి)
తెస్తాను సార్. ఫోన్ దొడ్డి మీద పెట్టడానికి తాత ఒప్పుకున్నాడు. మేకలు అరవకుండా ఉండే పూచీ మాత్రం తనది కాదన్నాడు.